ఎర్ర పెట్రోలు

నూనె సీసాకి సీలు ఊడలేదు.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మూత బిగించినది బిగించినట్టే ఉంది. సీసా నిండుగా ఉంది. సరిగ్గా అప్పుడే కంచె అవతల బళ్లన్నీ ఒక్క పెట్టున రంకెలేశాయి. రేసు మొదలైపోయింది. తమ్ముడు అందరికంటే ముందు మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

ఆవిడ సీసా వదిలేసి పెట్రోలు టిన్ను వైపు తిరిగింది.

టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లో నూనె కలపాలి. కలపకపోతే లోపల పిస్టన్ వేడెక్కి ఉన్నచోటే కరుచుకుపోతుంది, వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. వేగం మీద అలా ఆగిందంటే మనిషి ఎగిరి ఎక్కడ పడతాడో ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి ఆవిడకి ఒకళ్లు చెప్పాలా? మెకానిక్ షెడ్డే ఆవిడది. ఇంట్లో రెండు బళ్లూ ఆ జాతివే, తమ్ముడి రేసు బండీ, మొగుడి ముసలి స్కూటరూ. రెండింటికీ తనే కలిపి పోస్తుంది. నూనె పడగానే పెట్రోలు ఎర్రబడుతుంది. డబ్బాలో ఎరుపు కనిపిస్తే చాలు, ఇంకేం చూడకుండా పోసెయ్యడం ఆ ఇంట్లో అలవాటు.

ఈసారి రేసు కోసం ఇంజను హెడ్డు అరగదీసి బలం పెంచింది. అలాంటి ఇంజనుకి మామూలు పెట్రోలు పోస్తే లోపల టకటకా కొట్టుకుంటుంది. అందుకని నలుగురినీ అడిగి, ఉన్నవాటిలో ఆక్టేన్ ఎక్కువున్న రేసు పెట్రోలు ఏరికోరి తెప్పించింది. పొద్దున్నే దాన్ని డబ్బాలోకి వంపింది. ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే డబ్బాలో ఎర్రగా ఉంది. కలిపేశాననుకుని ట్యాంకు నింపేసింది.

ఇప్పుడు ఆ రేసు పెట్రోలు వచ్చిన టిన్ను మూత తీసి వేలు ముంచింది. అదీ ఎర్రగానే ఉంది. వేళ్లు రుద్దుకుంది. జిడ్డు లేదు, క్షణంలో ఆరిపోయింది. ఆ రంగు నూనెది కాదు, కంపెనీ వాళ్లు వేసి అమ్మే రంగు!

"చేతులారా చంపుకుంటున్నాను కదరా నిన్ను!" అంటూ పరిగెత్తింది.

రేసులో జెండా ఊపే ఆయన కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"సార్, ఆపండి! ఆ పసుప్పచ్చ హెల్మెట్ అబ్బాయిని ఆపండి!"

"ఎందుకమ్మా, ముందున్నాడుగా! సంతోషించక?"

"ఆ బండిలో నూనె లేదు సార్. ఇంజను పట్టేస్తుంది, పడిపోతాడు!"

"నూనె లేకుండా ఎవరమ్మా పంపింది?"

"నేనే సార్."

ఆయన నోరు వెళ్లబెట్టాడు. "సరే, ఈ చుట్టు రానివ్వండి, జెండా చూపిస్తాను."

తమ్ముడు వచ్చాడు. జెండా ఊగింది. వాడు పక్కబండి వైపు చూస్తూ దూసుకుపోయాడు. అక్క కంచె ఎక్కి రెండు చేతులూ ఊపింది. అది చూసి వాడు బొటనవేలు పైకెత్తి మరీ వెళ్లాడు.

"ఓరి నీ హుషారు మండా! ఆగరా!"

వెనక నుంచి మొగుడు వచ్చి భుజం తట్టాడు. చంకలో పాప చెవులు మూసుకుని ఏడుస్తోంది.

"ఇదిగో, ఈ చప్పుడుకి పాప హడలిపోతోంది. స్కూటరు మీద మేం ఇంటికి వెళ్లిపోతున్నాం. కొండ రోడ్డయితే తొందరగా దిగిపోతాం."

"వెళ్లండి వెళ్లండి," అంది అక్క, చూపు తిప్పకుండానే. ఆవిడ కళ్లన్నీ మలుపు మీదే ఉన్నాయి.

ఈసారి తమ్ముడి బండి చప్పుడు మారింది. టక టక టకమని కొట్టుకుంటోంది. అయిపోయింది, పట్టేస్తోంది అనుకుంది అక్క. కంచె దిగి అక్కడే కూలబడింది. కళ్లు మూసుకుంది. చక్రం కీచుమనడం కోసం, జనం హాహాకారాల కోసం చెవులు రిక్కించింది. అమ్మకి ఏం మొహం పెట్టుకుని చెప్పాలి?

కీచుమనలేదు. చప్పట్లు వినిపించాయి. రేసు అయిపోయింది.

తమ్ముడు బండి నడిపించుకుంటూ వచ్చాడు. అందరికంటే వెనక వచ్చినట్టున్నాడు, మొహం వేలాడేసుకున్నాడు. అక్క ఒక్క ఉదుటున లేచి వాడి తల, చేతులు, మోకాళ్లు తడిమి చూసింది.

"నీకేం కాలేదు కదరా? బండి ఎలా నడిచిందిరా?"

"తిట్టనంటే చెప్తానక్కా."

"తిట్టను నాయనా, చెప్పు."

"ఎప్పుడూ వాడని పెట్రోలు కదా, రేసు రోజే పోస్తే ఎలాగుంటుందోనని నాకు భయమేసింది. నువ్వు రేసు ఆఫీసులో సంతకానికి వెళ్లినప్పుడు ట్యాంకు ఖాళీ చేసి మన పాతదే పోసుకున్నాను. అందుకే అలా కొట్టుకుంది, వేగం తగ్గించాల్సొచ్చింది. నా వల్లే ఓడిపోయాం."

అక్క వాడిని వాటేసుకుంది. ఒక పక్క నవ్వు, ఇంకో పక్క ఏడుపు.

"పోతే పోయిందిరా వెధవ రేసు! పిరికివాడివై నా కొంప నిలబెట్టావు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంతకీ ఇక్కడ నీకు నూనె కలిపిన పాతది ఎక్కడ దొరికిందిరా?"

"ఇంకెక్కడ? బావ స్కూటర్లోది," అన్నాడు తమ్ముడు. "అంత ఖరీదైనది పారబొయ్యడమెందుకని, మన ట్యాంకులోది దాన్లో పోసేశాను."