చుక్కల మందు

"పధ్నాలుగు," అంది డాక్టర్ సౌందర్య.

నమ్మకం కుదరక ఆగయ్య కుడికంటి ప్రెషర్ మళ్లీ చూసింది. మళ్లీ పధ్నాలుగే.

పోయిన నెల వరకు అది ముప్పైకి దిగలేదు. రెండేళ్లుగా దిగలేదు. మందు పనిచేయడం లేదని ఆపరేషన్‌కు తేదీ కూడా రాసిపెట్టింది.

"తాతా, మందు అదే. మార్చలేదు. ఈ నెల కొత్తగా ఏం చేసినవ్?"

ఆగయ్య పక్కన నిలబడ్డ కూతురు రజిత చెప్పింది.

"నేను వేస్తున్న మేడం. పొద్దున ఒక చుక్క, మాపటికి ఒక చుక్క. మా అమ్మ పోయి నెల దాటింది. దినాలకని మహబూబాబాద్ నుంచి వచ్చి, బాపు ఒక్కడే అయిండని ఆగిపోయిన."

డాక్టర్ ఆగయ్య వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. నెల రోజులుగా దేన్ని చూసినా అలాగే చూస్తున్నాడు. భార్య నిద్రలోనే పోయిన రోజు ఏడవలేదు. పదకొండో రోజు విస్తట్లో పెట్టింది పెట్టినట్టు తిని లేచాడు. ఆయనది గుండె కాదు, బొగ్గుపెళ్ల అని చుట్టాలు వాకిట్లోనే అనుకున్నారు.

ఆగయ్య భూపాలపల్లి గనిలో ముప్పై ఏళ్లు పంపు నడిపాడు. జబ్బు పేరు నీటికాసులని తెలిసిన రోజు డాక్టర్ కాగితం మీద కన్ను బొమ్మ గీసింది. కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది. నల్లగుడ్డు అంచున జల్లెడ లాంటి సన్నని పొర ఒకటి ఉంటుంది. నీరు దాంట్లోంచే బయటికి పోవాలి. ఆ జల్లెడ పూడుకుపోతే లోపల నీరు నిలిచి, వెనకున్న నరాన్ని నొక్కి చంపుతుంది.

"అంటే పంపు జాలీకి బురద పట్టినట్టు," అన్నాడు ఆగయ్య ఆ రోజు. "నీళ్లు గుంజది. గని బాయి మునుగుతది."

"అచ్చం అంతే. ఈ చుక్కలు వేస్తే నీరు దిగుతది. కానీ మునిగింది మునిగినట్టే తాతా. పోయిన చూపు రాదు. ఉన్నది కాపాడుకోవాలె."

రెండేళ్లలో ఎడమకన్ను పూర్తిగా మునిగింది. కుడికంటికి, గనిలో నెత్తిమీది లైటు పడ్డంత మేరే కనబడుతోంది.

ఆగయ్యకు చేతులు వణుకుతాయి. అందుకని మందు వేసే పని మొదటి రోజు నుంచీ భార్య ఓదెమ్మ తీసుకుంది. ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, నుదుటి మీద అరచెయ్యి ఆనించి చుక్క వదిలేది.

"పడ్డదా?"

"పడ్డది."

"మెదలకు. ముప్పై ఏండ్లు కంపెనీ పంపు నడిపినవ్. ఇప్పుడు నీ పంపు నేను నడుపుతున్న," అని నవ్వేది.

దవాఖానకు మాత్రం తోడు వచ్చేది కాదు. "నువ్వు గూడ ఒకపారి కండ్లు చూపించుకోరాదే," అని ఆగయ్య బతిమాలితే కస్సుమనేది. "నాకేమైంది? సూదిల దారం ఎక్కిస్త నేను. నీ కండ్ల సంగతి చూస్కో."

రజిత వీడియో కాల్ చేస్తే ముందు అదే కబురు. "రెండు పూటలు నేనే వేస్తున్న బిడ్డా. ఒక్క పూట తప్పలే." ఆమె పట్టుకున్న ఫోన్‌లో తిరిగే ఫ్యాను తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. "నీ మొఖం చూపియ్యే అమ్మా," అంటే "నా మొఖం నీకు కొత్తనా?" అనేది.

"ఒక్క నెల సరిగ్గా పడితే ఇంత దిగింది," అంది డాక్టర్. "అంటే రెండేళ్లు మందు కంట్లకే పోలేదన్నట్టు. ఎవరు వేసిండ్రు?"

"మా అమ్మనే," అంది రజిత. అనగానే ఆమె ముఖం మారింది. "బాపు... అమ్మ వేయలేదా? నాతోని ఉత్తగనే చెప్పిందా?"

ఆగయ్య అప్పుడు తల తిప్పాడు.

"అమ్మనేమనకు. అది వేసింది. నేనే కన్ను మూసుకునేది. మండుతదని. అది అటు తిరగంగనే తుడుచుకునేది."



"చిన్నపిల్లగానివా నువ్వు?" అంది రజిత. "మందు పనిచేస్తలేదు బిడ్డా, మీ బాపును హైదరాబాద్ తీస్కపోదామని అమ్మ ఫోన్ల ఏడ్చేది. ఆ రంధితోనే పోయింది. నువ్వేమో ఆమె చేతి మందు తుడుచుకున్నవ్!"

"అవ్ బిడ్డా."

"సిగ్గనిపిస్తలేదా?"

డాక్టర్ ఆపరేషన్ తేదీ కొట్టేసి, అదే మందు మళ్లీ రాసి, మూడు నెలలకు రమ్మంది.

ఆటోలో క్వార్టర్‌కు చేరేదాకా రజిత తండ్రి వైపు చూడలేదు. మాపటికి మాత్రం సీసా పట్టుకొని వచ్చింది. రెప్పలు రెండు వేళ్లతో విడదీసి చుక్క వదిలింది. అది సూటిగా, చల్లగా కంట్లో పడింది. మండింది.

"ఇప్పుడు తుడుచుకో, చూస్త," అంది.

ఆగయ్య కదలకుండా పడుకున్నాడు.

ఓదెమ్మ చూపు తనకన్నా ముందే ఆరిపోయిందని, ఆ రెండేళ్లూ ఆమె వదిలిన ప్రతి చుక్కా తన చెంప మీదే పడిందని ఆయన కూతురికి చెప్పలేదు. ఆ సంగతి తనకు తెలుసని ఓదెమ్మకూ చెప్పలేదు.