మామ్మ తప్పిన పరీక్ష

నర్సాపురంలో పిల్లలందరి చెవుల్లోనూ చదువుపూసలే. ఏదడిగినా పూస చెబుతుంది, పిల్ల పలుకుతుంది. ప్రిసిల్లా ఇంట్లో మాత్రం బైబిలు మొదలుకొని లాటిన్ దాకా ఇంటిల్లిపాదీ కలిసి నోటితోనే వల్లెవేస్తారు. ఒకరు ఆగితే ఇంకొకరు అందుకోవాలి, అదీ ఆ ఇంటి ఆనవాయితీ.

ఇవాళ తనిఖీ మేడమ్ వచ్చింది. ప్రిసిల్లా కూతురు తబిత ఎవరి సాయమూ లేకుండా ఒప్పజెప్పలేకపోతే దాని చెవికీ పూస తప్పదు.

"యూదా రాజుల్ని వరసగా చెప్పమ్మా."

గడగడా చెబుతున్న తబిత ఆహాజు దగ్గర ఆగిపోయింది. పెరట్లో చేపలు తోముతున్న మామ్మ ఊరుకుంటుందా? "యోషీయా!" అని గట్టిగా అందుకుంది.

ప్రిసిల్లా పెరటి వైపు తిరిగి వద్దు వద్దని చేతులూపింది. ఎవరైనా సాయం చేస్తే పరీక్ష పోయినట్టే.

తబిత పకపకా నవ్వింది. "అయ్యో మామ్మా, ముందు హిజ్కియా! యోషీయా ఆయన మునిమనవడు. ముత్తాతకంటే ముందు పుడతాడా?" అంటూ చివరి రాజుదాకా ఏకబిగిన చెప్పేసింది.

మేడమ్ నవ్వాపుకుంటూ లేచింది. "పాప పాసు. పెద్దావిడే మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి."

పొలుసుల చేతుల్తోనే మామ్మ గుమ్మంలోకొచ్చింది.

"ఎప్పుడు కూర్చోమంటారమ్మా? ఈసారి లాటిన్ కూడా అడగండి!"