తప్పు చదివితే

"దీన్ని మొద్దుని చేసింది నువ్వే. నువ్వూ, నువ్వు కొనిపెట్టిన ఆ దరిద్రపు ఆటపెట్టే."

మాంసం కొట్టు నుంచి నెత్తుటి చేతులతో, కత్తితో సహా వచ్చిన కొడుకు తల్లి మీద విరుచుకుపడ్డాడు. బడి మాస్టారు కబురు పెట్టాడు. పిల్లకు ఒక్క వాక్యం చదవడం రాదట, ఇక పంపి లాభం లేదట. ఆ మంటతో ఇంటికొస్తే, వీధి గుమ్మం దగ్గరికే పిల్ల గొంతు వినబడింది.

"మెట్ల కింద ముగ్గురు కాపలా ఉన్నారు. ముందు లావుపాటివాడి తల నరుకు. కోట తాళం వాడి మెడలో ఉంది."

తండ్రి లోపలికొచ్చి అరుస్తున్నా పిల్ల కళ్ళు టీవీ తెర మీది వీడియో గేములోనే ఉన్నాయి. పక్కనే మంచం మీద నాయనమ్మ, నడుం దాకా దుప్పటి కప్పుకుని.

"బళ్ళో నోరు పెగలదు. ఇంట్లో తలలు నరుకుతావే?"

చెంప మీద ఒక్కటిచ్చాడు. పిల్ల వెళ్ళి గోడకు గుద్దుకుంది. పెదవి చిట్లింది. ఏడవలేదు. ఎందుకు చదవవని అతను అడగనూ లేదు. కొట్టడం వచ్చినవాడికి అడగడం ఎక్కడొస్తుంది?

"రేపటి నుంచి బడీ లేదు, గిడీ లేదు. కొట్టుకొచ్చి కోడి ఈకలు పీకు."

మాంసం కత్తి ఎత్తి ఆటపెట్టె మీద వేశాడు. రెండో వేటుకు అది చెక్కలైంది. తెర నల్లబడింది.

అప్పుడు లేచింది ముసలామె. దుప్పటి జారింది. ఆట రిమోట్ ఆమె చేతుల్లో ఉంది.

"చచ్చినోడా, కోట గుమ్మం దాకా వచ్చాన్రా."

కొడుకు నోరు తెరిచాడు. "ఆడేది నువ్వా?"

"మరెవరనుకున్నావు? నాకు అక్షరం ముక్క రాదు. తెర మీద పడే రాతంతా అదే చదివి చెబుతుంది. అది చదివితేనే నా కత్తి లేస్తుంది. గుమ్మం దగ్గర నువ్వు విన్నదంతా చదువేరా, వెధవా."

"మరి మాస్టారి దగ్గర నోరెందుకు విప్పదు?"

ఆమె మనవరాలి అరచేతులు విప్పి అతని ముఖం ముందు పెట్టింది. పాత బెత్తం వాతల మీద కొత్త వాతలు.

"అక్కడ తప్పు చదివితే దీన్ని కొడతారు. ఇక్కడ తప్పు చదివితే నేను చస్తాను, మళ్ళీ లేస్తాను. అదీ మళ్ళీ చదువుతుంది."

అతను కత్తి కింద పెట్టబోయాడు.

"కింద పెట్టకు. దాంతో పని ఉంది. ముందు పోయి ఆ బెత్తం నరుకు. వచ్చేటప్పుడు ఇంకో పెట్టె తే."