మూడో తోలు

"మోగుతలేదు!" లింగయ్య కత్తితో తాతల నాటి పెద్ద డ్రమ్ము మీది కొత్త ప్లాస్టిక్ తోలును నిలువునా చీల్చేశాడు. కత్తి పారేసి తమ్ముడు సైదులు మూతి మీద గుద్దాడు. "రెండో తోలు గూడ గిట్లనే! వేరే పెండ్లి బ్యాండు పెట్టుకోనీకె మన డ్రమ్మును ఖరాబు చేసినవ్ గదరా!"

సైదులు నెత్తురు ఉమ్మి, డ్రమ్ము కర్ర ఎత్తి అన్న మీదికి ఉరికాడు. సూర్యాపేటలో డ్రమ్ములు బాగుచేసే ఆ కొట్టు యజమాని మస్తాన్ మధ్యలో దూరాడు.

"ఆగుండ్రి! ఇగ మందపు మేకతోలు ఏస్త. గప్పుడు గూడ పలకకుంటే పొడుసుకోండ్రి."

మస్తాన్ తోలు బిగించి, సైదులు చేతిలోని కర్ర గుంజుకుని బలంగా మోదాడు. కొట్టు రేకులు దడదడలాడాయి. పైనున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. రోడ్డు అవతల నడిచేవాళ్లు ఉలిక్కిపడి చూశారు.

లింగయ్య మొహం చిట్లించాడు. "గిది గూడ గంతే. పక్కూర్ల కొట్టినట్టుంది" అంటూ మళ్లీ తమ్ముడి కాలర్ పట్టుకున్నాడు.

సైదులు చెయ్యి ఎత్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ డ్రమ్మును పొట్టకు కట్టుకుని మోదిన అన్న చెవుల వైపు చూశాడు. ఎత్తిన చేతిని అన్న భుజం మీద వేశాడు.

మస్తాన్ ఏదో చెప్పబోయాడు. సైదులు కళ్లతోనే వారించి, అన్న చెవి దగ్గర గట్టిగా అరిచాడు.

"నిజమే అన్నా! తోలే మంచిగ లేదు. ఇంకోటి సూద్దాం."