ఒడెస్సా ఓడ

"ఎక్కించిన టీ పెట్టెలన్నీ దించీమంటన్నారు మావా!" ఓడ మీంచి ముఠా కూలీ పోలిరాజు కేకేశాడు.

ఖిదిర్‌పూర్ రేవులో ముఠా మేస్త్రీ గవరయ్యకు ఏమీ అర్థం కాక పైకెక్కాడు. అక్కడ పెత్రో నిచ్చెన మీద నిలబడి, పొగగొట్టం మీది సుత్తీ కొడవలి గుర్తును చెరిపేస్తున్నాడు. ఏళ్ళ తరబడి ఒడెస్సా నుంచి ఈ ఓడలోనే వస్తూ పోతూ హిందీ నేర్చుకున్న కళాసీ అతను.

"ఏటి దాదా ఇది?"

"మా ఉక్రెయిన్‌కు స్వతంత్రం వచ్చింది. మేమే ఓట్లేసి తెచ్చుకున్నాం."

గవరయ్య సంబరంగా అతని చేయి పట్టుకున్నాడు. "మంచి మాట సెప్పినావు! మరి టీ ఎందుకు దించీమంటన్నారు?"

"కొంటానన్నది సోవియట్ దేశం. ఇప్పుడా దేశమే లేదు. మా కొత్త డబ్బు ఇక్కడెవరూ ముట్టుకోరు. మా ఊళ్ళో మా ఆవిడ రొట్టె కోసం వరసలో నిలబడుతోంది."

గవరయ్య వెనక్కి తిరిగి చూశాడు. ముఠావాళ్ళు పెట్టెలు దించుతున్నారు. ఇవి దించేశాక ఎక్కించడానికి ఇంకేమీ లేదు.

పెత్రో నిచ్చెన దిగి మెల్లగా అడిగాడు. "మీక్కూడా స్వతంత్రం వచ్చింది కదా. ఎన్నాళ్ళకి సర్దుకుంది?"

గవరయ్యకు తండ్రి గుర్తొచ్చాడు. ఊళ్ళో జెండా ఎగరేసిన మరుసటేడే ఆయన తిండికి లేక, చంటిపిల్లాడైన తనను భుజానేసుకుని ఈ రేవుకు కూలికొచ్చాడు. చచ్చేదాకా ఇక్కడే మోశాడు. నిన్నటిదాకా తానూ మోయించాడు.

"బేగినే సర్దుకుంది దాదా," అన్నాడు గవరయ్య, అతని మొహంలోకి చూడలేక.