టైరు వయసు

సుత్తి రెండో దెబ్బకు సోమ్లా ఎడమచేతి చిటికెనవేలు చితికిపోయింది. ఇద్దరు హమాలీలు ఆ చేతిని లారీ టైరు మీద అదిమి పట్టుకున్నారు.

"ఇంకా తొమ్మిది వేళ్ళున్నయి. టైర్లు తెస్తవా, తేవా?" అన్నాడు రైసు మిల్లు రామలింగయ్య, సుత్తిని సోమ్లా చొక్కాకే తుడుస్తూ.

"గా సైజు లారీకి రాదు, అంబాసిడర్‌కు రాదు సేటూ. అండ్ల పదేండ్ల పాతయి గావాలంటే యాడికెల్లి తేవాలె?"

సూర్యాపేటలో అన్ని టైర్ల షాపులుండగా రామలింగయ్య మిర్యాలగూడ నుంచి ఈ తండా మనిషి పాత టైర్ల కొట్టుకే వచ్చాడు. రైతు ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పినట్టు, సోమ్లా గోటితో నొక్కి టైరు వయసు చెప్పేస్తాడు. పైగా రామలింగయ్య ఎర్ర కారుకు కిందటేడు కొత్త టైర్లు వేసింది వాడే. ఆ నోరూ మూయించాలి.

సాగర్ డ్యాం కట్టే రోజుల్లో వచ్చిన విదేశీ ఇంజినీరు దగ్గర రామలింగయ్య తండ్రి కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. ముసలిదే అయినా రోడ్డెక్కితే దూకుడు తగ్గలేదు. పదిరోజుల కింద వాడపల్లి రోడ్డులో గొర్రెల మంద అడ్డొస్తే రామలింగయ్య బ్రేకు మీద కాలు పెట్టలేదు. రెండు గొర్రెలు చచ్చాయి. కాపరి బీరప్ప తలుపు పట్టుకొని వేలాడితే ఫర్లాంగు దూరం ఈడ్చుకుపోయాడు. కిందపడ్డవాడు ఇంకా మూలుగుతున్నాడని కారు వెనక్కి నడిపి మీద ఎక్కించాడు.

బీరప్ప భార్య ఉప్పలమ్మ అదంతా చూసింది. మిల్లు గేటు దగ్గరకొచ్చి అరిస్తే కడుపులో తన్ని పంపించాడు. ఆమె అటునుంచటే నల్లగొండ పోయి పెద్ద పోలీసు కాళ్ళ మీద పడింది. గురువారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కారు చూడ్డానికి వస్తున్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తండ్రి పోయిన ఎనభై అయిదు నుంచి ఆ కారు కదలనే లేదని రామలింగయ్య పోలీసులకు చెప్పేశాడు. కదలని కారుకు కిందటేటి టైర్లెందుకని ఇన్‌స్పెక్టర్ అడిగితే మెడకు ఉరే. ఎనభై అయిదుకు ముందటి టైర్లు నాలుగు దొరికి తీరాలి.

"బీరప్ప మా జొన్న చెల్కల ఎరువుకు మంద పెట్టేటోడు సేటూ," అని గొణిగాడు సోమ్లా. "మంచోడు."

చెంప పగిలింది.

"బుధవారం దాంక టైమిస్తున్న. తేకుంటే నువ్వు గూడ గా రోడ్డు మీదనే పంటవ్."

బుధవారం పొద్దున్నే టైర్లు మిల్లుకు చేరాయి. రబ్బరు తెల్లబడి, పక్కలు బీటలువారి ఉన్నాయి.

"కోదాడల పాతసామాన్ల షెడ్డు మీద దొరికినయి సేటూ. రేకుల మీద ఎండకు ఎండినయి."

"ఒంటినిండ గీ కిరసనాయిలు కంపేందిరా?"

"మందు లేక వేలికి పోసుకున్న."

రామలింగయ్య ఊరికే నమ్మే రకం కాదు. గోరు గుచ్చి చూశాడు, దిగలేదు. "వయసుకు రుజువేది?" అన్నాడు.

సోమ్లా టైరు పక్కను తడిగుడ్డతో తుడిచాడు. "మూడంకెలున్నయి సూడు. మొదటి రెండు వారం, ఆఖరుది సంవత్సరం. సున్న, ఆరు, నాలుగు. ఎనభై నాలుగుల ఆరో వారం."

"పక్కన గీ చిన్న ముక్కోణం?"

"కంపెనీ గుర్తు సేటూ."

నాలుగింటి మీదా అదే అంకె, అదే గుర్తు. రామలింగయ్య ప్రాణం కుదుటపడింది. కిందటేటి టైర్లు మిల్లు పొయ్యిలో ఊకతో కలిసి బూడిదయ్యాయి. కారును ఇటుకల మీదికెక్కించి, పైన దుమ్ము చల్లించి, సాక్ష్యానికి సోమ్లాను కూడా అక్కడే ఉంచాడు.

మర్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెంట ఉప్పలమ్మ కూడా వచ్చింది. కారు పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డ సోమ్లాను చూసి, నడుం పట్టుకొని వంగుతూనే వెళ్ళి వాడి ముఖాన ఉమ్మేసింది.

"నా పెనిమిటి మంద పెడితేనే నీ ఇంట్ల జొన్నలు పండినయి గదరా! ఆని పీనుగు మీద పేలాలేరుకుంటున్నవా?"

సోమ్లా ముఖం తుడుచుకోలేదు. రామలింగయ్యకు నవ్వొచ్చింది, మీసం చాటున దాచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద 9-6-1994 అని తేదీ వేసి, కారు చుట్టూ తిరిగాడు. "ఎప్పటినుంచి కదల్లేదన్నారు?"

"ఎనభై అయిదు నుంచి సార్. టైర్లు గూడ అప్పటియే. కావాలంటే నంబరు సూడుండ్రి, ఎనభై నాలుగు!"

ఇన్‌స్పెక్టర్ ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకొని సంతకం పెట్టమన్నాడు. రామలింగయ్య కలం లాక్కున్నంత పని చేసి పెట్టాడు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ గొంతుక్కూర్చుని, జేబురుమాలుతో టైరు తుడిచి, అంకెల పక్కన వేలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"కంపెనీ గుర్తు సార్."

ఇన్‌స్పెక్టర్ సోమ్లా వైపు తిరిగాడు. "టైర్ల మనిషివి నువ్వు కదా. నువ్వు చెప్పు."

రామలింగయ్య చెయ్యి కారు మీదున్న సుత్తి దగ్గరికి పోయింది. సోమ్లా ఆ సుత్తిని చూశాడు, గుడ్డ చుట్టిన తన చేతిని చూసుకున్నాడు, తర్వాత ఉప్పలమ్మ వైపు తిరిగి నోరు విప్పాడు.

"గా ముక్కోణం తొంభైలల్ల తయారైన టైర్లకే ఏస్తరు సారూ. గది ఎనభై నాలుగు గాదు, తొంభై నాలుగు; కిరసనాయిలు పూసి నేనే పాతయి జేసిన."