చూద్దాంలే

ఎవరేం అడిగినా సూరమ్మ తాబేలు ‘చూద్దాంలే’ అనేది. అడిగినవాళ్లు అదే ‘సరే’ అనుకుని వీపెక్కి కూర్చునేవాళ్లు. ఉడుతలనీ తొండలనీ మడుగు దాటించడంతోనే పొద్దు గూకేది. గుడ్లు పెట్టడానికి ఇసుకతిన్నెకు వెళ్లే తీరికే చిక్కేది కాదు.

ఒకనాడు మబ్బు పట్టింది. వాన పడితే తిన్నె మునిగిపోతుంది. సూరమ్మకు చిన్నప్పటి ఆ ఇసుక వెచ్చదనం గుర్తొచ్చింది. అప్పట్లో ఎవరు పిలిచినా అమ్మ ‘కుదరదు’ అని తల డిప్పలోకి లాక్కునేది. ‘ఎంత పొగరు!’ అని అందరూ అంటుంటే సూరమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. కానీ ఆ సాయంత్రాలన్నీ అమ్మ తన పక్కనే ఉండేది.

“సూరమ్మా, నన్ను అవతలి గట్టున దింపవే,” అంటూ ముసలి ఎలుక వచ్చింది.

“కుదరదు మామా,” అని సూరమ్మ తిన్నె వైపు నడిచింది.

“అబ్బో! అచ్చం వాళ్లమ్మ పొగరే!” అని ఎలుక మూతి తిప్పుకుంది.

సూరమ్మ కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో తననెవరూ అంతగా మెచ్చుకోలేదు.